దామోదరం సంజీవయ్యగారి రాజకీయ జీవితము



మన పల్లెలలో ప్రొద్దుగూకిన తరువాత రచ్చకట్టపై జేరినవారి మాటలలో సగము వానను గూర్చియు పంటను గూర్చియు నైనచో, తక్కిన సగము గద్దె నెక్కినవారిని గూర్చియు, దిగినవారిని గూర్చియు నగుచుండును. ఇది రాజుల కాలమునుండి వచ్చుచున్న యలవాటే. దీనిలో దోషమేమియు లేదు. కాని మన సీమలో నాయకుని తూచుటకు మనము పట్టు త్రాసు మాత్రము విచిత్రమైనది. వాని వెనుక బలగమెంత? ఎన్ని యూళ్లు వాని మాట వినును? వాని తండ్రి యెవరు, తాత యెవరు? ఇవి తెలిసిన తరువాతగాని వాడు చేసిన పనియేమో మనము విచారింపము.

ఈ త్రాసులో వేసినచో గురిగింజయెత్తు కూడ తూగని పురుషుడొకడు మన రాయలసీమనుండియే బయలుదేరి, ఆంధ్రప్రదేశమునకు రెండేండ్ల రెండు మాసములు ముఖ్యమంత్రియై, ఆ పైని అఖిల భారత కాంగ్రెసునకు రెండు పర్యాయము లధ్యక్షుడయ్యెను. తండ్రితాతల పేరు లేదు. సెంటు భూమి లేదు. వెంట నడచు ముఠా లేదు. ఆయన పేరు దామోదరం సంజీవయ్య. అట్టివాడు గద్దె యెట్లెక్కెను, ఎక్కి యేమి చేసెను, ఎట్లు దిగెను అను మూడు విషయములను గూర్చి నేడు మనవి చేసికొందును.

కర్నూలు పట్టణమునకు మిక్కిలి చేరువలో పెద్దపాడను గ్రామము కలదు. 1921వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన అచ్చటి మాలవాడలో మునెయ్య, సుంకులమ్మ యను దంపతులకు సంజీవయ్య జన్మించెను. మునెయ్య బట్టలు నేసియు, నేత లేనినాడు కూలికి బోయియు నిల్లు గడుపుచుండెడివాడు. బిడ్డ పుట్టిన కొలది దినములకే యాతడు గతించెను. సుంకులమ్మ పిల్లలను వెంటబెట్టుకొని పాలకుర్తిలోని తోబుట్టువు నాశ్రయించి, కొంతకాలమునకు మరల పెద్దపాటికే వచ్చి చేరెను. పసితనమున సంజీవయ్య పశువులను గాచినవాడు.

ఆ కాలమెట్టిదో మీలో వయసు మళ్లినవారు తమ తండ్రులవలన వినియేయుందురు. ఊరి బావిలో చేద వేయుటకు మాలవాడవారికి హక్కు లేదు. బడికి బోయినను పిల్లవాడు వాకిటనో, వసారా కొననో కూర్చుండవలసినదే. ఉపాధ్యాయుడు పలకను ముట్టకయే తప్పులు దిద్దుటయు కలదు. నేను ముప్పది యేండ్లకు పైగా బడులలో గడపినవాడను. మా వృత్తిలోని పూర్వులలో మహానుభావు లనేకులు గలరు. కాని యీ యొక్క విషయమున మా వృత్తి చేసిన యన్యాయమును గప్పిపుచ్చుటకు నాకు నోరాడదు. అట్టి దినములలో నొక బాలుడు పశువుల వెనుకనుండి పలక వెనుకకు వచ్చుటయే యొక దండయాత్ర.

1935లో నాతడు కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాలలో జేరి, 1938లో పదునొకండవ తరగతి ముగించెను. ఆ పైచదువునకు అనంతపురము. మనవారందరు నెఱిగిన దత్తమండల కళాశాల యదియే. 1916లో స్థాపింపబడినది. సర్వేపల్లి రాధాకృష్ణపండితులు తొలిదినములలో అచ్చట కొలదికాలము తర్కము బోధించిరి. మన ప్రాంతమునకు దత్తమండలమను పేరు మాన్పి 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యని నామకరణము చేసిన చిలుకూరి నారాయణరావుగారును ఆ కళాశాల యుపన్యాసకులే. అచ్చట సంజీవయ్య యభ్యసించినవి గణితమును, ఖగోళశాస్త్రమును. సంస్కృత పాఠశాలలలో సిద్ధాంత గ్రంథములు చదివిన మాబోంట్ల కిది వినుటకు సంతోషముగా నుండును: నక్షత్రముల గతులను లెక్కించు విద్య యొక పశులకాపరికిని దొరకినది గదా! అన్న చిన్నయ్య తన సంపాదనలో నుండి పంపిన ధనమే యాతని యాధారము. ఇంటిలో నొక్కని చదివించుటకు మఱియొకడు బండచాకిరి చేయుట మన పల్లెలలో నేటికిని గలదు. చదివినవాని పేరు పుస్తకములకెక్కును. చదివించినవాని పేరొక వాక్యముతో సరి. చిన్నయ్యను గూర్చి నేనును అంతకుమించి చెప్పలేకున్నాను.

1942లో సంజీవయ్య పట్టభద్రుడయ్యెను. అది యుద్ధకాలము, ధాన్యము కఱవు. ప్రభుత్వమువారు పట్టణములలో రేషను పద్ధతి పెట్టిరి. ఆ రేషను కచేరీలో నీ గణిత పట్టభద్రుడు గుమాస్తాగా గుదిరెను. బియ్యము కొఱకు వరుసలో నిలుచున్న బీదజనమును బల్ల కీవలినుండి చూచుట యప్పుడే యాతనికి లభించినది. ఇట్టి చిన్న కొలువులు మఱికొన్ని చేసి, మద్రాసు చేరి న్యాయశాస్త్రము చదివి, 1948లో ఆ పట్టమును బొంది న్యాయవాది యయ్యెను.

అచ్చటినుండి యాతని గమనము మిక్కిలి వేగవంతమైనది. 1950 జనవరి 26వ తేదీన రాజ్యాంగ మమలులోనికి వచ్చినప్పుడు, ఎన్నికలు జరుగువఱకు పనిచేయుటకు ఢిల్లీలో తాత్కాలిక పార్లమెంటొకటి యేర్పడెను. ఇరువది తొమ్మిదేండ్ల సంజీవయ్య యందు సభ్యుడయ్యెను. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు నెగ్గి రాజాజీ మంత్రివర్గమున జేరెను. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము వెలసినప్పుడు ప్రకాశముపంతులుగారి యొద్దను, ఆ పిమ్మట గోపాలరెడ్డిగారి యొద్దను, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ మేర్పడిన తరువాత నీలం సంజీవరెడ్డిగారి యొద్దను మంత్రిగా నుండెను. కర్నూలు రాజధాని యగుటకు మూలము 1937లో జరిగిన శ్రీబాగు ఒడంబడిక. దానిపై సంతకము చేసినవారిలో మన కడప కోటిరెడ్డిగారొకరు. అది వేఱొక నాటి కథ. ఇచ్చట చెప్పవలసినది యొక్కటే: నలుగురు ముఖ్యమంత్రులు మారినను సంజీవయ్య మంత్రిగా నిలిచెను. అందఱికిని పనికివచ్చినవాడు, ఎవరికిని పోటీగాని వాడు అను పేరాతనికి వచ్చినది. ఈ పేరు రాజకీయమున మెప్పో, తక్కువమాటయో మీరే యోచింపుడు.

ఇక 1960. సంజీవరెడ్డిగారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్ష పదవి స్వీకరించి, ముఖ్యమంత్రిత్వమును విడిచిరి. గద్దె ఖాళీ యయ్యెను. శాసనసభలోని కాంగ్రెసు పక్షములో పక్షమునకొక యుపపక్షము. కోస్తా వారొకవైపు, సీమవారొకవైపు, తెలంగాణమువా రింకొకవైపు. అందులో మరల భూస్వాముల వంశములు, వాని నడుమ చిరకాలపు వైరములు. కక్షలనగా నేమో మన చక్రాయపేటవారికిని, పులివెందుల, జమ్మలమడుగు తాలూకాల వారికిని నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఇరువురు బలవంతు లొక చేనికై పెనగులాడునప్పుడు, చేను తాత్కాలికముగా మూడవవాని కప్పగింతురు. అతడు బలహీనుడై యుండవలెను, నెమ్మదస్తుడై యుండవలెను, రేపు చేను విడువుమన్నచో విడువవలెను. సంజీవయ్య ముఖ్యమంత్రి యగుటకు ఢిల్లీలో నెహ్రూగారి మన్నన యొక కారణము; ఆయన సౌజన్యమును, శాసనసభలోని పనితనమును మఱియొక కారణము; కాని యీ మూడవవాని న్యాయము కూడ నొక కారణమని నా యభిప్రాయము. 1960 జనవరి 11వ తేదీన ఆయన ప్రమాణము చేసెను. అప్పటి కాయనకు నలువది యేండ్లు నిండలేదు. భారతదేశమున నొక రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన దళితులలో ఆయనయే మొదటివాడు.

గద్దె నెక్కించినవారు చేను కాపునకని యెక్కించిరి. ఆయన మాత్రము చేనిలో విత్తనము చల్లెను. ఏమేమి చల్లెనో అన్నిటిని జెప్పుటకు వేళ చాలదు. హైదరాబాదు, సికింద్రాబాదు పురపాలక సంస్థ లేకమైనదియు 1960లోనే. పల్లెవారికి సంబంధించిన రెండు మూడు పనులను గూర్చి మాత్రము నిలిచి చెప్పెదను.

మొదటిది వృద్ధాప్యపు పింఛను. ఈ ప్రసంగమును వినుచున్నవారిలో నెందఱో ప్రతినెల మొదటిదినమున దానిని బుచ్చుకొనుచున్నవారే. అది యెప్పటినుండి వచ్చుచున్నదని యడిగినచో, ఒక్కొక్క రొక్కొక్క నాయకుని పేరు చెప్పుదురు. తమ కాలమున నెవరు పెంచిరో వారి పేరే గుర్తుండుట సహజము. నిజమున కీ రాష్ట్రమున దీనికి నాంది సంజీవయ్యగారి ప్రభుత్వమున బలికినది. పోషించువారు లేని నిఱుపేద వృద్ధులకు నెలకింతయని ప్రభుత్వము చెల్లించు పద్ధతి అప్పటికి మన దేశమున మిక్కిలి క్రొత్తది. ఉత్తరప్రదేశమున 1957లో మొదలైనది. మనకు 1960లో వచ్చినది. కేంద్రప్రభుత్వము దేశమంతటికిని జాతీయ వృద్ధాప్య పింఛను నేర్పఱచినది 1995 ఆగస్టు 15వ తేదీన, అదియు నెలకు 75 రూపాయలు. అనగా ఢిల్లీకంటె ముప్పదియైదేండ్లు ముందుగా హైదరాబాదు ఈ మాట తలచినది.

దీనినిగూర్చి జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. ముఖ్యమంత్రియైన కుమారుడు పల్లెలోనున్న తల్లి చేతిలో ఖర్చునకై కొంత పైకము పెట్టెనట. కొడుకున్న దానను గనుక నాకు దొరకినది, కొడుకులు లేని ముసలివారి గతి యేమని సుంకులమ్మ యడిగెనట. ఆయన తిరుగు ప్రయాణములో దానినే తలపోసి, రాజధాని చేరినంతనే యుత్తరువు వ్రాయించెనట. ఇది కథ. ప్రభుత్వపు టుత్తరువులు తల్లి ప్రశ్నతో మొదలైనను, ఆర్థికశాఖ వారి కొఱ్ఱీలు దాటి, శాసనసభలో పద్దు మంజూరై, తాలూకా కచేరీలో జాబితా యెక్కినగాని ముసలివాని చేతికి రావు. ఆ నడుమ దారియే కష్టము. అయినను జనులు ఈ కథను నిలుపుకొనుటలో నొక న్యాయము కలదు. ఇంటిలో ముసలితనమును, లేమిని కలిపి చూచినవాడు మాత్రమే దానిని ప్రభుత్వపు పద్దుగా నూహింపగలడని వారి భావము. ఆ భావముతో నాకు విరోధము లేదు.

మన పెద్దలు పాలకుల నిట్లే జ్ఞాపకముంచుకొందురు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా నుండిన మన్రోదొరను చూడుడు. ఆయన గెలిచిన యుద్ధములెవరికి జ్ఞాపకము? రైతుతో సూటిగా మాటలాడి శిస్తు నిర్ణయించెనని జ్ఞాపకము. మన గండిక్షేత్రమున పాపఘ్ని కొండలను జీల్చుకొని పారుచోట ఆయనకు బంగారు తోరణము కనబడెనని చెప్పుకొనుట లేదా? 1827లో పత్తికొండయొద్ద విషూచిచే మరణించిన యా పరదేశీయునికి మన సీమరైతు ఋషిత్వమును గట్టబెట్టెను. సంజీవయ్యగారికి తోరణమెవరికిని గనబడలేదు. ఆయన యిచ్చిన పింఛను మాత్రము పెరుగుచు వచ్చినది: 2014లో వేయి, 2019లో రెండువేలు, 2024లో నాలుగువేల రూపాయలు. అరువదియైదేండ్ల వయసు నిబంధన ఆంధ్రప్రదేశమున 2020లో అరువదికి దిగెను. పెంచిన ప్రతివారును తమ తమ పేరు పెట్టుకొనిరి. మొదలు పెట్టినవాని పేరు కాగితముపై నెచ్చటను లేదు.

ఇంకొక్క మాట. నేడా పైకమును మాలవాడవారు తీసికొందురు, రెడ్లు తీసికొందురు, కమ్మవారు, బలిజలు, తురకలు, బ్రాహ్మణులును దీసికొందురు. ఊరి బావిలో నీరు చేదుకొనుటకు వీలులేని వాడలో బుట్టినవాడు త్రవ్విన బావి యిది. ఇందు నెవరి చేదనైనను దిగనిచ్చెను.

రెండవది భూమి. సేద్యమునకు దగిన ప్రభుత్వపు బంజరులను భూమిలేని బీదలకు బంచుట సంజీవయ్యగారి ప్రభుత్వమున ముమ్మరముగా సాగెను. ఆరు లక్షల యెకరములని వాడుక. మన ప్రాంతమున డి-పట్టా భూము లని పిలుచునవి యీ జాతివే. ఇచ్చట నేను స్తుతి మాత్రమే చెప్పినచో సత్యమునకు లోపము చేసినవాడ నగుదును. పట్టాకాగితము చేతికి వచ్చిన బీదవానికి ఎడ్లు లేవు, విత్తనము లేదు, బావి లేదు. మన మెట్టలలో నొక వాన తప్పినచో మూడేండ్ల యప్పు. ఆ పట్టా పెద్దరైతు పెట్టెలో దాకట్టుగా జేరుట, కొన్నాళ్లకు చేనును వాని చేనిలో గలియుట మనము కన్నులార చూచినదే. దీని నరికట్టుటకు 1977లో ప్రత్యేకముగా చట్టమే చేయవలసి వచ్చినది. అట్టి భూమిని అమ్మరాదు, కొనరాదు, కొన్నను చెల్లదని యందలి శాసనము. కాబట్టి సంజీవయ్యగారి పని సగము పనియే. భూమి నిచ్చుట యొకటి, దానిపై మనిషిని నిలుపుట వేఱొకటి. ఈ రెండవ సగమునకు రెండేండ్ల యధికారము చాలదనుట నిజము. అయినను చాలలేదనుటయు నిజమే.

మూడవది లంచము. ప్రభుత్వోద్యోగులలోని లంచగొండితనమును విచారించుటకు ప్రత్యేకముగా నవినీతి నిరోధక శాఖ యని యొక దాని నేర్పఱచిరి. 1961 జనవరి 2వ తేదీనుండి అది పనిచేయుచున్నది. పింఛను జాబితాలో పేరెక్కించుటకు నాలుగు రూకలు, పట్టాకాగితమునకు పది రూకలు అడుగుచేతులున్నచో, పై రెండు దానములును నడిదారిలో నింకిపోవునని రేషను కచేరీలో బనిచేసినవానికి వేఱుగా నెవరును బోధింపనక్కరలేదు. ఆ శాఖవలన లంచము పోయినదా యని మీరు నవ్వుదురు. నవ్వుడు. కాని పట్టుకొనువాడొకడున్నాడను భయమునకు మొదట నొక కచేరీ యుండవలెను గదా!

ఇక దిగుట. 1962 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగెను. కాంగ్రెసు నెగ్గినది, సంజీవయ్యగారే యప్పటికి ముఖ్యమంత్రి. లోకమున నెచ్చటనైనను నెన్నిక గెలిచిన ముఖ్యమంత్రియే మరల గూర్చుండును. ఇచ్చట నట్లు జరుగలేదు. ఢిల్లీనుండి సంజీవరెడ్డిగారు మరలివచ్చి మార్చి 12వ తేదీన ముఖ్యమంత్రి యైరి. సంజీవయ్యగారు ఢిల్లీకి బోయి, ఆ సంవత్సరమే కాంగ్రెసు అధ్యక్షులైరి. ఇరువురు పీటలు మార్చుకొనిరి. ఒక దళితుడు కాంగ్రెసు అధ్యక్షుడగుట యదియే మొదలు. పెద్దదైన గౌరవమే, కాని నెహ్రూగారు ప్రధానిగా నున్నప్పుడు కాంగ్రెసు అధ్యక్షుని చేతిలో నెంత యధికార ముండెనో పెద్దల కెఱుకయే.

దీనిని గూర్చి రెండు విధములుగా మాటలాడుదురు. పదవిపై నాశలేనివాడు గనుక గొడవపడక విడిచె నని కొందఱు. నిలుచుటకు వెనుక బలము లేదు గనుక విడువక తప్పినది కాదని మఱికొందఱు. నాకు దోచునది యేమనగా, ఈ రెండు మాటలును నిజమే, రెంటిలో నేదియు నాయనకు దోషము కాదు. ముఠా లేనివానిని ముఠాలవా రెక్కించిరి. ముఠా లేని కారణముననే దింపిరి. ఆయన యా రెండేండ్లలో దనకొఱకు నొక ముఠాను గూర్చుకొనియుండవచ్చును. అందులకు మార్గము మనకు దెలియనిది కాదు: కాంట్రాక్టులు మనవారికి, కొలువులు మనవారికి, ఎదుటివానిపై కేసులు. ఆ పని చేసియున్నచో మఱియొక యైదేండ్లు గద్దె నిలిచెడిదేమో. ఆ పని చేసియున్నచో పట్టాలు పంచుటకు, లంచమును విచారించుటకు ఆయనకు చేతు లాడెడివి కావనియు నాకు దోచుచున్నది. అయితే నా వాదనలో నొక చిక్కు కలదు; దానిని మీ ముందుంచుట న్యాయము. బలగము లేక మంచిపని మొదలు పెట్టవచ్చును; బలగము లేక దానిని గాపాడుట కష్టము. డి-పట్టాల గతియే యిందుకు సాక్షి. దీనికి సమాధానము నాకు దొరకలేదు. రచ్చకట్టపై మీరు చర్చింపుడు.

బలవంతుల గద్దెయును శాశ్వతము కాలేదు. కర్నూలు జిల్లాలో బస్సు దారులను ప్రభుత్వపరము చేసిన వ్యవహారమున సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణముగా సంజీవరెడ్డిగారు 1964లో రాజీనామా నిచ్చిరి. ఆ విధముగా బదవిని వదలుకొనుట వారి గొప్పతనమే. తరువాత 1977లో వారు రాష్ట్రపతియు నైరి. మన సీమవారే గదా యిరువురును. ఒకరిని బొగడుటకు మఱియొకరిని దెగడ నవసరము లేదు.

కాంగ్రెసు అధ్యక్షత కామరాజునాడారుగారి చేతికి బోయిన తరువాత, 1964లో లాల్ బహదూర్ శాస్త్రిగారు సంజీవయ్యగారిని గార్మికశాఖకు మంత్రిని జేసిరి. ఆ యధికారమున జరిగిన పెద్దపని 1965 నాటి బోనసు చట్టము. ఇరువదిమంది గాని యంతకు మించి గాని పనివారు గల కర్మాగారములలో, లాభమున్నను లేకున్నను, ఏడాది జీతములో నూటికి నాలుగు వంతులైనను బోనసుగా నీయవలెనని యందలి నియమము. తరువాత నది నూటికి ఎనిమిదింబావునకు మించి పెరిగినది. అంతకుముందు బోనసనగా యజమాని దయ; పండుగకు పనివాని చేతిలో బెట్టు కానుక. చట్టము దానిని హక్కుగా మార్చినది. మన ప్రాంతమునుండి బొంబాయి మిల్లులకు బొట్ట చేతబట్టుకొని పోయిన బీదలను, ప్రొద్దుటూరు పత్తిమిల్లులలో బనిచేసినవారిని ఎఱిగినవారి కీ భేదము తెలియును. వృద్ధునికి పింఛనైనను, కూలివానికి బోనసైనను సంజీవయ్యగారి చేతిలో నొక్కటే రీతి: ఎవని దయపైననో ఆధారపడియున్నదానిని దీసి కాగితముపై లెక్కగా వ్రాయించుట. గణితము చదివినవాడు గదా!

1966లో నిందిరాగాంధిగారి మంత్రివర్గమున బరిశ్రమలశాఖ, 1970లో మరల కార్మికశాఖ. కార్మిక సమస్యలను గూర్చి యాంగ్లమున నొక గ్రంథమును రచించిరి. ఆ తరువాత రెండవమారు కాంగ్రెసు అధ్యక్షులై, ఆ పదవిలో నుండగనే 1972 మే నెలలో ఢిల్లీలో మరణించిరి. అప్పటి కాయన వయస్సు ఏబదియొక్క సంవత్సరములు. ఈనాటి పింఛనుకు దరఖాస్తు పెట్టుకొనుటకైనను చాలని వయస్సు.

సికింద్రాబాదులోని పాటిగడ్డయొద్ద ఆయన సమాధి కలదు. హుసేనుసాగరపు గట్టున ఆయన పేర నొక యుద్యానవనము కలదు. 2008లో తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించిరి. ఇవి పట్టణములకు బోయినవారికి గనబడునవి. మన సీమలో చూడదలచినవారు కర్నూలు జిల్లా గోనెగండ్ల మండలములోని గాజులదిన్నెకు బోవలెను. అచ్చట హంద్రీనదిపై గట్టిన జలాశయమునకు సంజీవయ్యసాగరమని పేరు పెట్టిరి. హంద్రీ యచ్చటినుండి బారి, ఆయన చదివిన కర్నూలు పట్టణమును జేరి తుంగభద్రలో గలియును.